రెండో సుత్తి

మా బావ పోయాడన్న కబురు వచ్చేసరికి నేను గనిలో రాయి మీద సుత్తి వేస్తున్నాను. ఒక దెబ్బ వేసి రెండోది వెయ్యబోతుండగా, ఊళ్ళోంచి సైకిలు మీద వచ్చిన మనిషి గట్టు మీదే దిగి, "మేస్త్రీ గారూ, ప్రెసిడెంటు గారు పోయినారు. తెల్లవారి పోయినారంట" అన్నాడు. నేను రెండో దెబ్బ కూడా వేశాను. రాయి బాగానే మోగింది. పాసు అని సుద్దగీత గీసి, అప్పుడు సుత్తి కింద పెట్టాను.

ఇది విని నన్ను రాతిగుండె మనిషి అనుకునేవాళ్ళు అనుకోవచ్చు. చేతికి అలవాటైన పని చెయ్యి చేసేసింది, అంతే. నేను సిగ్గుపడేది దానికి కాదు, ఆ తర్వాత నాకు కలిగిన ఆలోచనకు. సైకిలు మనిషి ఇంకా ఊపిరి తీసుకుంటూనే ఉన్నాడు, గనిలో సుత్తుల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది. ఆపమని నేను అనలేదు. ఆపమంటారా అని నన్నెవరూ అడగలేదు. నలభై మంది మగవాళ్ళు, రాళ్ళు మోసే ఆడవాళ్ళు, కొలిమి దగ్గర ఉలులు సాగదీసే కమ్మరి, అందరూ తలపాగాలు దులుపుకుని గట్టెక్కి ఊరి దారి పట్టారు. నేను పోతే వీళ్ళలో ఎందరు సుత్తి కింద పెడతారు? నాకు మొదట వచ్చిన ఆలోచన అది. పోయి కూడా సమ్మె చేయించాడు మా బావ.

ఆయన్ని ఎరిగినవాళ్ళు మాచర్ల నుంచి గురజాల దాకా చాలామంది ఉన్నారు. ఆయన మంచితనం గురించి వాళ్ళు చెబుతారు. నేను నా కడుపుమంట గురించి చెబుతాను. పాతికేళ్ళు దాచుకున్న సరుకు అది, ఇంకెవరి దగ్గరా దొరకదు.

మా బావంటే మా అక్క పెనిమిటి. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. మాచర్ల పక్కన నాపరాతి గనిలోకి ఇద్దరం ఒకే వేసవిలో దిగాం. నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది. ఉలితో సందు చేసి, గునపంతో పొర లేపితే పలకగా వస్తుంది. మా వైపు ఇళ్ళకు పైకప్పు ఈ పలకలే. వాసాల మీద పరిచి, పైన మట్టి, సున్నం వేస్తారు. అందుకని పలకలో కంటికి కనిపించని పగులు ఉంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. దాని కింద మనుషులు పడుకుంటారు. ఆ పగులు పట్టుకోవటానికి చెవి తప్ప వేరే సాధనం లేదు. పలకను రెండు దుంగల మీద పెట్టి, నాలుగు మూలలా ఒకసారి, నడుమ ఒకసారి చిన్న సుత్తితో కొడతారు. మంచి రాయి కంచు గిన్నెలా మోగుతుంది. పగిలిన రాయి మోగదు. మోగితే పాసు. మోగకపోతే వాపసు, అప్పుడు దాన్ని మళ్ళీ తేకుండా సమ్మెటతో అక్కడికక్కడే పగలగొడతారు.

మా బావకు ఆ చెవి పుట్టుకతో వచ్చింది. సుత్తి పడకముందే రాయి వంక చూసి తల అటూ ఇటూ ఊపేవాడు. చేతిపని నేర్పింది నాకు ఆయనే, వినటం నేర్పిందీ ఆయనే. "రాయి అబద్ధం ఆడదురా, ఇనేవాడే ఆడతాడు" అనేవాడు. ఆ మాట అప్పట్లో నాకు వట్టి పెద్దరికంలా తోచింది.

నాకు ఉన్నదల్లా నాలుగో క్లాసు చదువు, గుండ్రటి చేతిరాత. నరసరావుపేట షావుకారు గనిని కౌలుకు తీసుకున్నప్పుడు రాయగలిగినవాడు కావాలన్నాడు. నేను మేస్త్రీనయ్యాను, సుద్దగీత నా చేతికి వచ్చింది. ఆ రోజు ఇంటికి వెళుతూ, గెలిచాననే అనుకున్నాను. వారం తిరగకముందే తెలిసింది ఏం గెలిచానో. రాయి పాసో కాదో చెప్పేది నేను. అయినా నేను చెప్పగానే ప్రతివాడి కళ్ళూ మా బావ వైపు తిరిగేవి. ఆయన తల వంచుకుని తన రాయి తాను కొట్టుకుంటూ ఉండేవాడు, ఏమీ ఎరగనట్టు. మా అమ్మ కూడా అంతే. ఇంట్లో ఏ సంగతి చెప్పినా, "మీ బావనడిగావా?" అనేది. కన్నతల్లికి కూడా నా తీర్పు సరిపోలేదు.

ఆయన అలవాట్లు కొన్ని చెప్పాలి. బీడీని ఎప్పుడూ సగానికి తుంచి, ఒక సగం చెవి మీద పెట్టుకునేవాడు. అది తనకోసం కాదు, అడిగేవాడికోసం. రాతి మీద కూర్చునేవాడు కాదు, గొంతుక్కూర్చునేవాడు. సాయంత్రం సుత్తిని తుడిచి, గుడ్డలో చుట్టి, చంకలో పెట్టుకుని ఇంటికి వెళ్ళేవాడు. గొంతు పెద్దది చేసేవాడు కాదు, అందుకని ఆయన మాట్లాడితే చుట్టూ ఉన్నవాళ్ళు నోరు మూసుకోవలసి వచ్చేది. నేను అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంటే వినని మనుషులు ఈయన గొణిగితే వినేవారు. ఎవరికైనా ఒళ్ళు మండదా?

మా గనిలో సంఘం ఎట్లా పుట్టిందో చాలామంది చాలా విధాలుగా చెబుతారు. బెజవాడ నుంచి ఎవరో వచ్చి పెట్టించారనీ, కరపత్రాలు పంచారనీ అంటారు. ఎవరూ రాలేదు. సంఘాన్ని పుట్టించింది నేను.

యుద్ధం రోజులు అవి. సరుకుకు రైలు వ్యాగన్లు దొరికేవి కావు. ఒకటి దొరికిందంటే ఆ పూటే నింపి పంపాలి. అట్లాంటి ఒకరోజు, అంతకుముందు రెండు రోజులు అకాల వర్షం కురిసింది. సాంబయ్య అని మా గనిలో మంచి పనివాడు ఉండేవాడు. అతని వారం రోజుల కష్టమంతా బురదలో దొంతరగా పడి ఉంది. తడిసిన రాయి, నేలకు అతుక్కున్న రాయి సరిగా పలకదు. ఆ సంగతి గనిలో పసివాడికి కూడా తెలుసు. నాకూ తెలుసు. అయినా వాటిని లేపించకుండా, ఆరనివ్వకుండా, పడి ఉన్నవాటిని పడి ఉన్నట్టే కొట్టి, ఒక్కొక్కటీ వాపసు అన్నాను. ఎందుకంటే ముందు రోజు సాంబయ్య నలుగురిలో, మా బావ చెవి ముందు మేస్త్రీ చెవి ఏపాటిది అన్నాడని నా దాకా వచ్చింది.

మా బావ పని ఆపి వచ్చాడు. పోట్లాడలేదు.

"జలుబు చేసినోణ్ణి పాట పాడమన్నట్టుంది నీ యవ్వారం. లేపి నిలబెట్టు. ఎండనీ. అప్పుడడుగు దాన్ని" అన్నాడు.

అందరి ముందూ అన్నాడు, నవ్వుతూ అన్నాడు. నేను అగ్గి మీద గుగ్గిలమయ్యాను. వ్యాగను పోతుందన్నాను, మేస్త్రీని నేనా నువ్వా అన్నాను, సమ్మెట తెప్పించి పగలగొట్టమన్నాను. మొదటి రాయి మీద సమ్మెట పడింది. అది రెండు చెక్కలై పడుతున్నప్పుడు మోగింది. విరిగిన చోట చూస్తే ఎక్కడా పాత పగులు లేదు, లేత నీలం రంగులో శుభ్రంగా ఉంది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. సమ్మెట పట్టుకున్నవాడు నా మొహం చూశాడు. మొత్తం పగలగొట్టించాను. సాంబయ్య ఆ ముక్కల పక్కన కూర్చుని ఒక్కొక్కటే చేత్తో తిప్పి చూసుకున్నాడు.

ఆ సాయంత్రమే గని గట్టు మీద సంఘం పుట్టింది. అందరూ కలిసి మా బావను ప్రెసిడెంటు అన్నారు. సంఘానికి తండ్రి ఆయనే అని ఇవాళ ఊరంతా చెప్పుకుంటున్నారు, చెప్పుకోనివ్వండి. తల్లి మాత్రం నా ఓర్వలేనితనం.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు సమ్మె వచ్చింది. గనిలో నీడకు పాక కావాలన్నారు, మంచినీళ్ళ కుండలు కావాలన్నారు, మెత్తగా పొర లేచే చోట్లు మేస్త్రీకి ఇష్టమైనవాళ్ళకు కాకుండా వంతులవారీగా ఇవ్వాలన్నారు. అన్నిటికంటే పెద్దది, నన్ను ఎముక దాకా గుచ్చింది, రెండో సుత్తి. మేస్త్రీ కొట్టిన ప్రతి రాయినీ సంఘం మనిషి కూడా కొట్టి చూడాలి. ఇద్దరూ మోగిందంటే పాసు, ఇద్దరూ మోగలేదంటే వాపసు. మాట కలవకపోతే అందరి ఎదుట పగలగొట్టి చూడాలి. నరసరావుపేట నుంచి దిగిన షావుకారు, నా మేస్త్రీ మీద నమ్మకం లేదా అని అడిగాడు. మా బావ చేతులు కట్టుకునే చెప్పాడు.

"నమ్మకం లేక కాదండీ. ఒక్క చెవితో ఇన్నది పుకారు. రెండు చెవులతో ఇంటేనే తీర్పు. దేవుడు మడిసికి రెండిచ్చింది అందుకేనేమో."

పదకొండు రోజులు పని ఆగింది. నేను ఒక్కణ్ణే గనిలో కాపలా ఉండేవాణ్ణి. గట్టు మీద వాళ్ళందరూ, కింద నేను. మధ్యాహ్నం అయ్యేసరికి మా అక్క సద్దిగిన్నె పట్టుకుని దిగేది. అందులో జొన్న సంగటి, గోంగూర పచ్చడి, గిన్నె మూత మీద ఒక సగం బీడీ. మా బావ పంపేవాడు, తనకూ వాళ్ళకూ తిండి కరువైన రోజుల్లో. తినకుండా తిప్పి పంపితే మా అక్కకు కష్టం. తింటే నాకు కష్టం. తిన్నాను. ఆకలికి అభిమానం ఉండదు. ఆ సగం బీడీ తాగుతూ, ఈ మనిషి నన్ను ఒక్కరోజైనా పగవాడిలా చూస్తే బాగుండు అనుకునేవాణ్ణి.

షావుకారు దిగివచ్చాడు. పాక వచ్చింది, కుండలు వచ్చాయి, వంతులు వచ్చాయి. రెండో సుత్తి మా బావ చేతికి వచ్చింది. దానికి బదులుగా షావుకారు ఒక షరతు పెట్టాడు. ఒక పనివాడివి ఏడాదిలో మూడు పలకలు వాపసు వస్తే వాడు గని వదిలి వెళ్ళిపోవాలి. తన మనుషుల పనితనం మీద ఉన్న ధీమాతో మా బావ ఆ కాగితం మీద వేలిముద్ర వేశాడు.

ఆయన పక్కన నిలబడి ఒకే రాయిని ఇద్దరం కొట్టాలంటే తల కొట్టేసినట్టు ఉంటుందనుకున్నాను. ఇక్కడ నిజం చెప్పాలి. నా బతుకులో సుఖపడింది ఆ రోజుల్లోనే. అంతకుముందు నేను వాపసు అంటే మా అమ్మను తిట్టేవాళ్ళు, నా ఇంటి మీద రాళ్ళు వేసిన రోజు కూడా ఉంది. ఇప్పుడు ఇద్దరం వాపసు అంటే పనివాడు తలగోక్కుని వెళ్ళిపోయేవాడు. నలభై మందికి నలభై సార్లు చెప్పే మాట ఒక్కడికి చెబితే సరిపోయేది. కల్లు తాగి వచ్చినవాణ్ణి నేను చూడకముందే మా బావ ఇంటికి తోలేసేవాడు. నరసరావుపేట వర్తకుల దగ్గర్నుంచి రాళ్ళు బాగాలేవన్న ఫిర్యాదులు ఆగిపోయాయి. సంఘం పేరెత్తితే మండిపడే షావుకారు, పక్క గని ఆసామితో, మా ప్రెసిడెంటు చెవి పాసన్నదే పాసు అని గొప్పగా చెప్పుకోవటం నేను విన్నాను. మా మేస్త్రీ అనలేదు. మా ప్రెసిడెంటు అన్నాడు.

అట్లాగని సంఘం చేసినవన్నీ బంగారు పనులు కావు. రాళ్ళు తలమీద పెట్టుకుని బండ్ల దాకా మోసే ఆడవాళ్ళను సంఘంలో ఎవరూ అడగనే లేదు. సమ్మె రోజుల్లో వాళ్ళ పొయ్యిలు కూడా ఆరిపోయాయి, రాజీ కాగితంలో మాత్రం వాళ్ళ ఊసే లేదు. మా అక్క కూడా మోసేదే. "పాక మీకు, కుండ మీకు, వంతు మీకు. మోసే తలకాయలు మడుసులవి కావా?" అని అన్నం పెడుతూ అడిగితే మా బావ ముద్ద మింగలేకపోయాడు. వాళ్ళను చేర్చుకోవటానికి సొంత మనుషులతోనే ఆరునెలలు తగాదా పడ్డాడు. వంతుల సంగతీ అంతే. మెత్తని చోటు ఒక్కోసారి గునపం పట్టటం రానివాడి వంతుకు పోయేది, వాడు మంచి పొరను ముక్కలు చేసి పెట్టేవాడు. చేతనైనవాడు పళ్ళు నూరుకునేవాడు. నేను లోలోపల సంతోషించేవాణ్ణి.

ఇక నేను ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని సంగతి.

స్వరాజ్యం రాబోయే ముందు వేసవిలో సాంబయ్య కంట్లో రాతిపెళ్ళ పడింది. ఒక కన్ను పోయినట్టే. ఇంట్లో అయిదుగురు తినేవాళ్ళు. పని మానలేదు. కన్ను సరిగా ఆనక ఉలి పక్కకు పడి, రెండు నెలల్లో అతనివి రెండు పలకలు వాపసు వచ్చాయి. మూడోది వస్తే గని వదిలి పోవాలి. కాగితం మీద వేలిముద్ర మా బావది.

ఆ రోజు దొంతరలో సాంబయ్య పలక వంతు వచ్చింది. మా బావ నాలుగు మూలలా కొట్టాడు. నడుమ కొట్టాడు. చెయ్యి ఆగింది. మళ్ళీ నడుమ కొట్టాడు. గనిలో మిగతా సుత్తులు ఆగిపోయాయి. సాంబయ్య తలపాగా తీసి చేత్తో పట్టుకుని, మంచి కన్ను ఇటు తిప్పి నిలబడ్డాడు.

"మోగింది" అన్నాడు మా బావ, రాయి వంక చూస్తూ.

నేను కొట్టాను. తడిగోడ మీద అరచేత్తో చరిచినట్టుంది. మోగలేదు. నాకే తెలిసినప్పుడు మా బావకు తెలియకపోవటమా? పాతికేళ్ళలో మొదటిసారి ఆయన అబద్ధం ఆడటం చూశాను. నేను లేదు అంటే సమ్మెట వస్తుంది, అందరి ఎదుటా పలక పగులుతుంది, పాత పగులు బయటపడుతుంది.

సాంబయ్య మీద జాలితో ఊరుకున్నానని చెప్పుకోవచ్చు, నమ్మేవాళ్ళు కూడా ఉంటారు. అది కాదు. ఇప్పుడు బయటపెడితే పేదవాడికోసం అబద్ధం ఆడాడని అందరూ ఈయన్ని ఇంకా నెత్తిన పెట్టుకుంటారు. అదే ఆ పలక ఏ ఇంటి కప్పు మీదనో ఎక్కి, విరిగి పడితే? అప్పుడు క్షమించేవాడు ఉండడు. ఇది మీ ప్రెసిడెంటు పాసు చేసిన రాయి అని అప్పుడు చూపిస్తాను. కప్పు కింద ఎవరుంటారన్నది నాకు తట్టనేలేదు. అసూయతో తన కన్ను తానే పొడుచుకోవటమంటే అదే.

"మోగింది" అన్నాను నేను కూడా. సుద్దగీత గీశాను. ఎవరూ చూడకుండా, రేపు గుర్తుపట్టటానికి, పలక అడుగు అంచున ఉలితో రెండు గాట్లు పెట్టాను. సాంబయ్య వచ్చి మా ఇద్దరి కాళ్ళకూ దండం పెట్టాడు. మా బావ వెనక్కి జరిగాడు. నేను జరగలేదు.

బండి స్టేషను దారి పట్టి కనుమరుగయ్యాక గానీ నాకు బుద్ధి రాలేదు. వచ్చినా వెంట పరుగెత్తలేదు. పరుగెత్తితే ఎందుకని అడుగుతారు. ఏమని చెప్పను?

ఆ తర్వాత మూడు వానాకాలాలు ఎట్లా గడిపానో నాకే తెలుసు. ఉరుము ఉరిమితే లేచి కూర్చునేవాణ్ణి. వినుకొండ వైపు ఇల్లు కూలిందన్నా, నాదెండ్లలో గోడ పడిందన్నా, ఏదో ఒక పని పెట్టుకుని వెళ్ళి, ఆ శిథిలాల్లో పలకలు తిరగేసి గాట్ల కోసం వెతికేవాణ్ణి. ఇల్లు కూలినవాళ్ళ ఏడుపు వింటూ రాళ్ళు తిప్పి చూసే నన్ను వాళ్ళేమనుకున్నారో. ఎక్కడా దొరకలేదు. దొరకనందుకు ఊపిరి పీల్చుకుని, ఇంకా ఎక్కడో ఉన్నందుకు వణికి, తిరిగి వచ్చేవాణ్ణి. మా బావ మాత్రం మామూలుగానే ఉన్నాడు. హాయిగా నిద్రపోయేవాడని అక్క చెప్పేది. ఒకే అబద్ధం ఇద్దరం ఆడితే నిద్ర నాకొక్కడికే ఎందుకు పోయింది? అందుకు కూడా కుళ్ళుకున్నాను.

ఆయన చేసిందల్లా, ఆ పలక పాసైన మర్నాడే షావుకారు దగ్గరికి వెళ్ళి మూడు పలకల షరతు తీసేయించటం. చూపు తగ్గినవాళ్ళకు కొలిమి దగ్గరో నీళ్ళ దగ్గరో పని చూపాలని ఒప్పించాడు. సంఘం కూడినప్పుడు, "ఆ కాయితం మీద ఏలేసింది నేను. తప్పు నాదే" అని తానే చెప్పాడు. తప్పు ఒప్పుకున్నందుకు జనం చప్పట్లు కొట్టారు. నేను ఒప్పుకుంటే ఏం కొట్టేవాళ్ళో నాకు తెలుసు.

వాళ్ళ ఇంటికి నేను తరచుగా వెళ్ళేవాణ్ణి. కుళ్ళుకోవటానికైనా మనిషి కనిపించాలి కదా. వెళ్ళగానే ఆయనే చెంబుతో నీళ్ళు తెచ్చి, పెరట్లో బట్టల బండ మీద నన్ను నిలబెట్టి కాళ్ళకు పోసేవాడు. మా అక్క ఆ బండను తిట్టని రోజు లేదు. పెళ్ళయిన ఏడు మా బావ స్వయంగా తీసి, రెండు రాళ్ళ మీద ఎత్తి వేసిన బండ ఒకటి ఉండేదట, గుడ్డ పడితే గుడిగంటలా మోగేదట, దాన్ని ఎవరికో ఇచ్చేసి ఈ చచ్చు బండ తెచ్చి పడేశాడని నా దగ్గర మొర పెట్టుకునేది. ఊరందరి రాళ్ళకూ చెవి పెట్టే ప్రెసిడెంటు ఇంట్లో మొద్దు బండ అని నేను ఎగతాళి చేసేవాణ్ణి. ఆయన కూడా నవ్వేవాడు. ఆయన మీద నేను గెలిచింది ఆ ఒక్క హాస్యంలోనే.

రాతిదుమ్ము దగ్గు నిరుడు ముదిరింది. ఆఖరిసారి వెళ్ళినప్పుడు మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చెవి మీద సగం బీడీ అలాగే ఉంది, తాగే ఊపిరి లేదు. నన్ను దగ్గరికి రమ్మని, చొక్కా పక్కకు లాగి, రొమ్ము చూపించాడు.

"ఏళ్ళతో కొట్టి చూడరా బామ్మర్దీ. పాసా, వాపసా?"

హాస్యానికే అన్నాడు. నేను వేలి కణుపుతో తట్టాను. లోపల ఏమీ మోగలేదు.

"మోగింది బావా" అన్నాను.

నా మొహంలోకి చాలాసేపు చూశాడు. "నువ్వూ నేర్చావు లేరా" అని కళ్ళు మూసుకున్నాడు.

ఆయన పోయిన రోజు, స్నానం చేయించటానికి పెరట్లో చోటు చదును చేస్తూ, బట్టల బండ అడ్డంగా ఉందని సాంబయ్య, ఇంకో ఇద్దరు దాన్ని లేపి అంచు మీద నిలబెట్టారు. అడుగు వైపు నాకు ఎదురుగా వచ్చింది. మట్టి పట్టిన అంచున రెండు ఉలి గాట్లు.

పాడె ముందు కొమ్ము పట్టి మోశాను. నా ముందూ వెనకా ఎందరు నడిచారో తిరిగి చూడలేదు. చూస్తే లెక్కపెడతానని భయం.

మూడో రోజు అక్క పెరట్లో ఒంటరిగా కూర్చుని ఉంటే ఆ బండ సంగతి అడిగాను. మామూలుగా చెప్పింది, ఎప్పుడో మరిచిపోయిన సంగతి చెప్పినట్టు.

"మీ గని బండి మనింటి ముందు నుంచేగా టేసనుకు పొయ్యేది. ఆ రోజు దాని ఎనకాలే వచ్చి ఆపిచ్చాడు. దీన్ని దించి, నా బట్టల బండ పెళ్ళగించి బండెక్కిచ్చాడు. నేను లబోదిబోమంటే, ఇది నేను అబద్ధం ఆడిన రాయే, ఊళ్ళోవాళ్ళ నెత్తిన ఎందుకు పెట్టాలె, మన కాళ్ళ కిందే ఉండనీ అన్నాడు."

"గాట్లు చూశాడా?" అన్నాను.

"చూడకేం. నాక్కూడా చూపిచ్చాడు. 'మీ తమ్ముడు కూడా ఇన్నాడే' అన్నాడు."

"ఇంకేమన్నాడు?"

"ఏమంటాడు. ఈ సంగతి వాడి దగ్గర ఎత్తొద్దన్నాడు."

మూడు వానాకాలాలు నేను వినుకొండా నాదెండ్లా తిరిగి వెతికిన రాయి మీద నన్ను నిలబెట్టి, ఆయన నా కాళ్ళకు నీళ్ళు పోశాడు. నా గాట్లు నా కాళ్ళ కిందే ఉన్నాయి. ఒక్కసారి కూడా ఒక్క మాట అనలేదు. నేను చెబుతానని చూశాడేమో. చెప్పి ఉంటే ఆయన ఏమనేవాడో ఇక నాకు తెలిసే దారి లేదు.

సంఘం మంచిదా, చెడ్డదా అని చుట్టుపక్కల గనుల ఆసాములు నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు. రెండో సుత్తి లేకుండా గని నడపొద్దని చెబుతాను. రెండో సుత్తి పట్టుకున్నవాడు కూడా మనిషే, తప్పు వింటాడు, తప్పు చెబుతాడు, అది కూడా చెబుతాను. చెప్పిన అబద్ధాన్ని తన ఇంటికి మోసుకుపోయే మనిషి ఎక్కడ దొరుకుతాడని అడిగితే మాత్రం నా దగ్గర జవాబు లేదు. మా గనిలో రెండో సుత్తి ఇంకా ఎవరూ ఎత్తలేదు. గుడ్డలో చుట్టి అక్క దగ్గర ఉంది. నేను మళ్ళీ ఒక్క చెవితో వింటున్నాను. నా చెవి మీద నాకు నమ్మకం పోయింది.

ఆ రోజు అక్క అంతటితో లేచి, మా బావ ఆఖరున కట్టుకున్న పంచె, చొక్కా తెచ్చి నీళ్ళలో ముంచింది. బండను మళ్ళీ చోటున వెయ్యటానికి నేను ఒక చెయ్యి వేశాను, గాట్లు కిందికి వచ్చేట్టు. అక్క చొక్కా ఎత్తి బండకేసి కొట్టింది. దభ్ మంది. మళ్ళీ కొట్టింది. నేను గోడ వారన గొంతుక్కూర్చుని, ఆమె ఉతకటం అయ్యేదాకా ఆ మొద్దు చప్పుడు వింటూ ఉన్నాను.